గురి సరిగానే ఉన్నా బంతి పాకెట్‌లో ఎందుకు పడదు?

స్నూకర్‌లో దూరం నుంచి కొట్టే తిన్నని బంతులు కూడా పాకెట్ (బల్ల అంచున బంతి పడే రంధ్రం) అంచుకు తగిలి బయటికి వస్తున్నాయనీ, గురి చూసే పద్ధతిని మార్చుకోవాలా అనీ మీరు అడిగారు. చాలాకాలంగా ఆడుతూ, కొత్తగా నేర్చుకునేవారిని దగ్గరగా గమనిస్తూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను: ముందు గురిని కాక, క్యూ (బంతిని కొట్టే కర్ర) తిన్నగా సాగుతోందో లేదో అన్నదాన్ని అనుమానించండి.

తేల్చుకోవడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. క్యూతో కొట్టే తెల్ల బంతిని బ్రౌన్ స్పాట్ (ఆ రంగు బంతిని ఉంచే గుర్తు) మీద ఉంచి, దానికి తిన్నగా ఉండే బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా ఎదుటి కుషన్‌కు (బల్ల అంచున ఉండే మెత్తకు) కొట్టి, క్యూను ముందుకు చాచిన చోటే కదపకుండా ఉంచండి. బంతి అదే గీత మీద వెనక్కి వచ్చి టిప్‌ను (క్యూ కొసను) తాకాలి. కుషన్ వరకు స్పాట్ల మీదుగానే వెళ్లి, తిరుగు దారిలో కుడికి జరిగితే మీ టిప్ బంతి నడిమికి కుడిపక్కన తగులుతోందని అర్థం. ఎడమకు జరిగితే ఎడమపక్కన. వెళ్లేటప్పుడే గీత తప్పితే, లోపం మీరు నిలబడే తీరులోనో క్యూను నడిపే తీరులోనో ఉంది. ఈ సాధన నెమ్మదిగా కొట్టినప్పుడు కుదిరి, బలంగా కొట్టినప్పుడు చెడిపోవడం నేను తరచుగా చూసే విషయం.

ఇంత పట్టుదల ఎందుకంటే, స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు మాత్రమే. తాకే క్షణంలో తెల్ల బంతి ఒక్క మిల్లీమీటరు పక్కకు ఉన్నా రంగు బంతి (పాకెట్‌లో వేయాలనుకున్న బంతి) దారి సుమారు ఒక డిగ్రీ మారుతుంది. మీటరు దూరం వెళ్లేసరికి అది దాదాపు 19 మిల్లీమీటర్లు తప్పుతుంది.

సరిదిద్దుకోవడం నిలబడి ఉన్నప్పుడే మొదలవుతుంది. షాట్ గీతకు (తెల్ల బంతి వెళ్లాల్సిన దారికి) వెనుక నిలిచి, దాన్ని చూసి, కుడిచేతి వాటం వారైతే కుడి పాదాన్ని ఆ గీత మీద పెట్టి, గీత వెంబడే కిందికి వంగాలి. వంగాక గురి తప్పిందనిపిస్తే చేతిని సర్దకండి, లేచి మళ్లీ మొదలుపెట్టండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అలవాటు ఇదే. పట్టు వదులుగా ఉండాలి, టిప్ బంతి దగ్గరికి వచ్చినప్పుడు ముంజేయి నిలువుగా వేలాడాలి. క్యూను నెమ్మదిగా వెనక్కి లాగి, ఒక క్షణం ఆపి, ఆ విరామంలో చూపును రంగు బంతి మీదికి మార్చి, అప్పుడు ముందుకు పంపాలి. బంతి వెళ్లేదాకా తల కదలకూడదు. క్యూ గడ్డం నడిమి కిందే ఉండాలన్న నియమం మాత్రం లేదు: 1927 నుంచి 1946 వరకు 15 సార్లు ప్రపంచ విజేతగా నిలిచిన జో డేవిస్‌కు కుడి కంటి చూపు బలహీనం కావడంతో, ఆయన క్యూ ఎడమ కంటి కింద నడిచేది.

ఇవి కుదిరాక గురి సంగతి తేలికవుతుంది. పాకెట్ దిశకు సరిగ్గా వెనుక, రంగు బంతిని ఆనుకుని మరో తెల్ల బంతి ఉందని ఊహించి, దాని కేంద్రానికి గురిపెట్టండి. తెల్ల బంతి కేంద్రం గుండా రంగు బంతి అంచుకు గురిపెడితే అది సగం బంతి షాట్ అవుతుంది. రంగు బంతి సుమారు 30 డిగ్రీల కోణంలో వెళుతుంది. ముందు ఈ ఒక్క కోణాన్ని కంటికి అలవాటు చేసుకుంటే, మిగతావాటిని దీనికన్నా మందంగానో (రంగు బంతిని ఎక్కువ భాగం తాకేలా) పలుచగానో (తక్కువ భాగం తాకేలా) అంచనా వేయవచ్చు.

సాధనకు బ్లూను దాని స్పాట్ మీద ఉంచి, మూల పాకెట్‌కు తిన్నగా ఉండేలా తెల్ల బంతిని దగ్గరలో పెట్టి మొదలుపెట్టండి. వరుసగా పడుతున్నప్పుడే దూరం కొద్దికొద్దిగా పెంచండి. తప్పడం మొదలైతే మళ్లీ స్పాట్ల సాధనకు వెళ్లండి.