పెట్రోల్ ముల్లు అబద్ధం చెబుతుంటే: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే కారు ఆగిపోయిందట, మీటర్లో ముల్లు మాత్రం పావు ట్యాంకు దగ్గర దర్జాగా నిలబడి ఉందట. ఎవరో లారీ అబ్బాయి సాయం చేయబట్టి చీకటి పడకముందే గట్టెక్కారు. ఇప్పుడు మీ మెకానిక్ మీటర్ బోర్డు మొత్తం మార్చాలంటున్నాడట. ఆగరా అల్లుడూ, ఆ డబ్బు అప్పుడే ఇవ్వకు.

ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్ పని చేశాను. ముల్లు తప్పు చూపిస్తోందని నా దగ్గరికి వచ్చిన బండ్లలో నిజంగా మీటరే పోయినవి చాలా తక్కువ. ట్యాంకులో ఒక ఫ్లోట్ తేలుతూ ఉంటుంది. దానికో సన్నటి కమ్మీ, కమ్మీ చివర రెసిస్టెన్స్ పట్టీ మీద పాకే చిన్న కాంటాక్ట్. పెట్రోల్ తగ్గితే ఫ్లోట్ దిగుతుంది, కాంటాక్ట్ జరుగుతుంది, ఓమ్‌లు (కరెంటుకు ఎంత అడ్డు తగులుతుందో చెప్పే కొలత) మారతాయి. డ్యాష్‌బోర్డు మీద ముల్లుకు తెలిసేది ఆ ఓమ్‌లే తప్ప పెట్రోల్ కాదు.

విప్పడానికి ముందు ముల్లు ఎంత తప్పుతోందో తెలియాలి. నాజిల్ దానంతటదే ఆగేదాకా ట్యాంక్ ఫుల్ చేయించు, ట్రిప్ మీటర్ సున్నా చెయ్. ముల్లు సగానికి వచ్చినప్పుడు అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించి ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకో. ట్యాంకు డబ్బాలా నలుచదరంగా ఉండదు కాబట్టి పైసగం, కిందిసగం సమానంగా రావు, దానికి కంగారు పడకు. ఘాట్ రోడ్డులోనూ, ఏటవాలుగా పార్క్ చేసినప్పుడూ పెట్రోల్ ఒక పక్కకు చేరి ముల్లు కొంచెం అటూ ఇటూ అవుతుంది, అదీ మామూలే. బుక్కులో రాసిన దానికన్నా రెండు మూడు లీటర్లు ఎక్కువ పట్టిందని బంకువాడితో గొడవ పడకు. పైపు మెడలోనూ, ఆవిరి కోసం వదిలిన ఖాళీలోనూ కూడా పెట్రోల్ పడుతుంది. అనుమానముంటే ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమను, అది అడిగే హక్కు నీకుంది.

ఇక వెతకడం. టెంపరేచర్ ముల్లు కూడా తేడాగా ఉందేమో చూడు. పాత బండ్లలో రెండు ముళ్లూ కలిసి తప్పుతుంటే మీటర్ వెనక ఉండే చిన్న వోల్టేజ్ స్టెబిలైజర్‌ని అనుమానించాలి. పెట్రోల్ ముల్లు ఒక్కటే అయితే మొదట ఎర్త్ చూడు, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. ట్యాంకు దగ్గర ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్ పెడితే ఒక ఓమ్ లోపే రావాలి. ఎక్కువ వస్తే బోల్టు కింద తుప్పు పట్టినట్టే. ఉప్పు కాగితంతో గీకి బిగిస్తే సగం కేసులు అక్కడితో ముగుస్తాయి. ఈ పనికి డబ్బులు అడగడానికి నాకే సిగ్గేసేది, టీ తాగి పంపేసేవాణ్ణి.

ఎర్త్ బాగుంటే వెనక సీటు కింద మూత తీసి కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) విడదియ్. ముల్లు ఒక చివరికి పోవాలి. తర్వాత కప్లర్‌లో బండి వైపు, ఫ్లోట్ కోసం వచ్చే రెండు వైర్ల మధ్య ఒక రెసిస్టర్ పెట్టు. రేడియో సామాన్లు అమ్మే కొట్లో 33, 100, 200 ఓమ్‌లవి, రెండు వాట్లవి అడుగు. ఒక్కోటి మార్చినప్పుడల్లా తాళం ఆఫ్ చేసి పెట్టి, మళ్లీ ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగు. పాత మీటర్లు వేడితో కదులుతాయి, వాటికి తొందర ఉండదు. ముల్లు ఒక్కోదానికి ఒక్కోచోట నిలబడిందంటే మీటరూ వైరింగూ రెండూ బాగున్నట్టే, తప్పు ట్యాంకులో ఉంది. నేర్చుకునే రోజుల్లో నేను రెసిస్టర్ లేకుండా వైర్లు నేరుగా కలిపి వదిలేసి, ఓ డాక్టర్ గారి కారు మీటర్ కాల్చేశాను. రెండు నెలల జీతం అందులోనే పోయింది. కొత్త బండ్లలో మాత్రం ఈ పరీక్ష అసలు చెయ్యకు. వాటిలో రీడింగ్ కంప్యూటర్‌కి వెళ్తుంది, స్కానర్‌తో చూడాల్సిందే.

ట్యాంకు తెరిచేటప్పుడు మాత్రం నా మాట తప్పకు. ట్యాంకులో పావుకన్నా తక్కువ ఉండగా, ఆరుబయట చెయ్. ట్యాంకులోని పంపు ఫ్యూజు తీసి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపితే పైపులో ప్రెషర్ దిగుతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ ఊడదియ్. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. సిగరెట్టూ ఫోనూ దూరంగా పెట్టు. ఫ్లోట్ యూనిట్‌ని ట్యాంకుకి బిగించే లాక్ రింగుని ఇనప ఉలితో కొట్టకు, నిప్పు రవ్వ లేస్తుంది. ఇత్తడి ముక్క గానీ చెక్క గానీ వాడు.

యూనిట్ బయటికి తీశాక ఫ్లోట్ ఊపి చూడు. లోపల గలగలమంటే చిల్లి పడి పెట్రోల్ దూరినట్టు, కొత్తది వెయ్యాలి. లేకపోతే మల్టీమీటర్ పెట్టి కమ్మీని మెల్లగా కింది నుంచి పైకి జరుపు. ఓమ్‌లు సాఫీగా మారాలి. మధ్యలో ఎగిరిందంటే పట్టీ అరిగిందనో, కాంటాక్ట్ నల్లబడిందనో అర్థం. పెట్రోల్‌లోని గంధకం వెండి కాంటాక్టుని తినేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 పెట్రోల్‌లో అది 10 పీపీఎంకి (పది లక్షల్లో పది వంతులకి) తగ్గింది గానీ, నీ బండి అంతకుముందు పదేళ్లు పాత పెట్రోలే తాగింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మెత్తటి రబ్బరుతో తుడువు, ఉప్పు కాగితం అక్కడ వద్దు. పట్టీ అరిగితే యూనిట్ మార్చడమే.

తిరిగి దించేటప్పుడే చాలామంది చెడగొడతారు. ట్యాంకు అంచుకి తగిలి కమ్మీ వంగుతుంది, ఆ తర్వాత ముల్లు ఎప్పుడూ ఒకే లెక్కన తప్పు చూపిస్తుంది. ఏటవాలుగా, కమ్మీ ముందు పోయేలా దించు.

ఇదంతా అయ్యేదాకా ట్రిప్ మీటర్ లెక్క చూసుకుంటూ తిరుగు, ముందే పోయించుకో. ట్యాంకులోని పంపుని చల్లగా ఉంచేది ఆ పెట్రోలే, మాటిమాటికీ ఎండబెడితే అదీ పోతుంది. భయపడి డిక్కీలో పెట్రోల్ డబ్బా మాత్రం పెట్టుకోకు.

చేతులు వణుకుతున్నాయిగానీ కళ్లు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. ఆదివారం కారు ఇక్కడికి తీసుకురా, నువ్వు విప్పు, నేను పక్కన కూర్చుంటాను. ట్యాంకు మూత కింద ఉండే పాత రబ్బరు సీల్ రింగు ఉబ్బిపోయి మళ్లీ కూర్చోదు, నీ మోడల్‌కి సరిపోయేది వచ్చేముందే కొనుక్కో. ఆదివారం ఆటోనగర్‌లో కొట్లు తెరవరు.

ఇట్లు,
మీ మామయ్య