డీవో సీటు కోసం 401కె తీయొద్దు

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం, గ్రీన్‌కార్డు ఉంది. ఇక్కడే పుట్టిన మా అమ్మాయికి ప్రైవేటు ఆస్టియోపతిక్ కాలేజీలో డీవో (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్ అనే వైద్య డిగ్రీ) సీటు వచ్చింది. అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు. 54 ఏళ్ల మావారు 401కె (ఉద్యోగం ద్వారా చేసే రిటైర్మెంట్ పొదుపు) డబ్బు తీద్దామంటున్నారు. హైదరాబాద్‌లో ప్లాటు ఉంది. డీవో అంటే ఎండీ (ఇక్కడ మామూలు డాక్టర్ డిగ్రీ) కన్నా తక్కువని చుట్టాలంటున్నారు, నిజమేనా?

జవాబు: కాదండీ. అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ డీవోలు ఎండీల్లాగే మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. 2020 నుంచి రెసిడెన్సీల (డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణ) గుర్తింపు కూడా ఇద్దరికీ ఒకే వ్యవస్థలో ఉంది. డీవోల లైసెన్సు పరీక్ష కామ్‌లెక్స్‌తో పాటు చాలామంది ఎండీల పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ కూడా రాస్తారు, ఆ ఫీజులు మాత్రం లెక్కలో వేసుకోండి.

అసలు టెన్షన్ అప్పు దగ్గరే. ఇదివరకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) లోన్ మొత్తం ఖర్చుకు సరిపోయేది. 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకు అది లేదు. ఫెడరల్ లోన్ ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లే. అంటే నాలుగేళ్లకు మీరు చూసుకోవాల్సింది 1.6 లక్షలు.

దానికి 401కె ముట్టుకోకండి. 59½ ఏళ్లలోపు తీస్తే పన్నుతో పాటు 10 శాతం పెనాల్టీ. మీది 24 శాతం శ్లాబు అయితే, చేతికి 40 వేలు రావాలంటే 60 వేలకు పైనే తీయాలి. ఈ వయసులో పోయిన ఆ డబ్బును మళ్లీ కూడబెట్టడం చాలా కష్టం.

ప్లాటు అమ్మడమే నయం. అయితే అమ్మేది ఎన్నారై కాబట్టి కొనేవాళ్లు సాధారణంగా లాభం మీద కాదు, మొత్తం ధర మీద టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. అగ్రిమెంటుకు ముందే ఆదాయపన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తీసుకోండి, లేదంటే రిఫండ్ కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ అడగొచ్చు.

అమ్మాయి అమెరికా పౌరురాలు కదా, నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ స్కాలర్‌షిప్‌కు తప్పక అప్లై చేయించండి. ఫీజు వాళ్లే కడతారు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. బదులుగా డాక్టర్లు కొరతగా ఉన్న చోట కనీసం రెండేళ్లు ప్రైమరీ కేర్‌లో పనిచేయాలి. ఫోర్ట్‌వర్త్‌లోని ప్రభుత్వ డీవో కాలేజీ టీకామ్‌కు అప్లై చేసి ఉంటే ఆశ వదులుకోకండి. టెక్సాస్ పిల్లలకు అక్కడ ఫీజు చాలా తక్కువ.

ఇవన్నీ అయ్యాకే ప్రైవేటు లోన్. లాభాపేక్ష లేని ఆసుపత్రిలో రెసిడెన్సీ చేస్తూ కట్టే కిస్తీలు ఫెడరల్ లోన్ మాఫీకి కావాల్సిన 120 నెలసరి కిస్తీల్లో లెక్కకొస్తాయి. ప్రైవేటు లోన్‌కు ఆ వీలు లేదు. పైగా మీరు కోసైన్ (హామీ సంతకం) చేస్తే అమ్మాయి కట్టలేని నెల మీరే కట్టాలి.