ఇంట్లో మిగిలిన మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 48 ఏళ్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను. కింద దురద, విరిగిన పాలలా తెల్లబట్ట. మందుల షాపులో ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్ 150 మాత్ర ఇస్తే తగ్గింది. నాలుగు నెలల్లో ఇది మూడోసారి. ఇంకో మాత్ర ఇంట్లో ఉంది, వేసుకోనా? షుగరుకు గ్లిమిపిరైడ్, ఈమధ్యే డాపాగ్లిఫ్లోజిన్ కూడా వాడుతున్నాను.

జవాబు: ఆగండమ్మా, ఆ మాత్ర ఇప్పుడే వేసుకోకండి. మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం చదివి నాకు కంగారు పుట్టింది. ఫ్లూకొనజోల్ పడితే గ్లిమిపిరైడ్ ఒంట్లోంచి త్వరగా పోదు. షుగరు బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. శనివారం ఉపవాసాల్లాంటివి ఉంటే మరీ ప్రమాదం.

ఇక డాపాగ్లిఫ్లోజిన్. అది షుగరును మూత్రంలోకి పంపేస్తుంది, అక్కడ ఫంగస్‌కు అదే మేత. మళ్లీ మళ్లీ రావడానికి ఇదే కారణమని నా అనుమానం. అలాగని మీ అంతట మీరు మానేయకండి. రాసిన డాక్టరుకు చెప్పండి, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) చేయించుకోండి. ప్రతి తెల్లబట్టా ఫంగస్ కాదు కాబట్టి ఈసారి స్వాబ్ పరీక్ష (దూదిపుల్లతో ఆ స్రావం తీసి చూసేది) తప్పనిసరి. ఫంగసే అని తేలితే మింగకుండా యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలున్నాయి. అవి రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తాయి.

రక్తం పలచబడే వార్ఫరిన్, కొన్ని కొలెస్ట్రాల్ మందులు వాడేవాళ్లు, కాలేయం జబ్బున్నవాళ్లు కూడా డాక్టరును అడగకుండా ఫ్లూకొనజోల్ మింగకూడదు. గర్భిణులు అసలే వద్దు.

సుల్తాన్‌బజార్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి మీకు దగ్గరే. వాడే మందుల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.