అటెండెంట్ అంట్లు తోమనంటే మాన్పించాలా?

ఎంవీపీ కాలనీలో మంచం పట్టిన మీ అత్తగారికి పెట్టుకున్న అమ్మాయి వంట, అంట్లు చేయనంటోంది, మాన్పించేయనా అని అడిగారు కదండీ. వద్దు. ఆమె పని పెద్దావిడని చూసుకోవడం: ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, తిప్పినప్పుడల్లా మడమలు, తుంటి, నడుం కింద చర్మం ఎర్రబడిందేమో చూడటం, ఎందుకంటే వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదంటే పుండు మొదలైనట్టే. మన వైజాగ్ ఉక్కపోతలో చెమట ఆరదు కాబట్టి ఇంకాస్త జాగ్రత్త. జావ కూర్చోబెట్టే తాగించాలి, తాగాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు. ఇన్సులిన్ మాత్రం ఆమె మీద వదిలేయకండి, అది నర్సో, నేర్చుకున్న మీరో చేయాలి. గోడకి కాగితం అంటించి ఎన్నింటికి ఏ పక్కకి తిప్పిందో రాయమనండి. అంట్లకి వేరే మనిషిని చూసుకోండి.