ముద్దుగా పెట్టే ముద్దతోనే భయం

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. పది నెలలప్పుడు ఉడికించిన గుడ్డు తినిపిస్తే పావుగంటలో మూతి చుట్టూ దద్దుర్లు లేచాయి. కిందటి నెల పక్కింట్లో పుట్టినరోజు కేకు తిన్నాడు. కాసేపటికే కళ్లు ఉబ్బాయి, రెండుసార్లు వాంతి అయింది. పరీక్షలు చేసి గుడ్డు అలర్జీ అన్నారు. రోజూ చెంచాడు సొన పెడితే అదే అలవాటవుతుందని మా అత్తగారి మాట. గుడ్డు భయంతో తట్టు టీకా రెండో డోసు వేయించలేదు. త్వరలో అంగన్‌వాడీకి పంపాలి, అక్కడ గుడ్డు పెడతారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, ముందు టీకా సంగతి. 16 నుంచి 24 నెలల మధ్య పడాల్సిన డోసు అది. ఈ వారమే తీసుకెళ్లి వేయించండి. తట్టు-రుబెల్లా టీకాకు గుడ్డు అలర్జీ అడ్డు కాదు. అలర్జీ ఉందని అక్కడి నర్సుకు చెప్పి, వేశాక అరగంట కూర్చుని రండి.

మీ అత్తగారికి మనవడి మీద ఎంత ప్రేమో నాకు అర్థమైంది. కొద్దికొద్దిగా తినిపించి అలవాటు చేసే చికిత్స ఉన్న మాట నిజమే. కానీ అది మోతాదు కొలిచి, వైద్యుల కళ్లెదుట మొదలుపెట్టేది. ఇంట్లో చెంచా లెక్కన మాత్రం వద్దని ఆవిడకు నా మాటగా చెప్పండి. నాటుకోడి గుడ్డయినా, బాతు గుడ్డయినా, కౌజుపిట్ట గుడ్డయినా ప్రమాదం ఒకటే. పచ్చసొన ఒక్కటే పెడదామన్నా దానికి తెల్లసొన అంటకుండా ఉండదు. తెల్లసొనలోని ఓవోమ్యూకాయిడ్ అనే ప్రొటీన్ ఉడికించినా అంత తేలిగ్గా విరగదు. గుడ్డు పడని పిల్లల్లో చాలామంది బాగా కాలిన కేకును తట్టుకుంటారు, మీవాడికి అదీ పడలేదు. పైగా కళ్ల వాపు, వాంతులు కలిసి వచ్చాయి. ఒంట్లో రెండు చోట్ల ఒకేసారి లక్షణాలు కనిపించాయంటే అది తీవ్రమైన అలర్జీ కావచ్చు. ఈ వివరం మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

తెలిసి పెట్టే గుడ్డు కంటే తెలియక పెట్టేదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఒక పాపను దద్దుర్లతో నా దగ్గరికి తెచ్చారు. తిన్నది మిరపకాయ బజ్జీ. గుడ్డేమీ లేదని తండ్రి ఒట్టేసి చెప్పాడు. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, ఆ బండి దగ్గర గుడ్డు బజ్జీలు కూడా అదే శనగపిండి గిన్నెలో ముంచి, అదే మూకుడులో వేస్తారు. దోసె పెనం, కర్రీ పఫ్ మీద మెరుపు కోసం పూసే సొన, మయోనైజ్, తలకు పట్టించిన తెల్లసొన, ఇవన్నీ గమనించాల్సినవే. ప్యాకెట్ల మీద ఆకుపచ్చ గుర్తుతో సరిపెట్టుకోకుండా అలర్జీ వివరాల వరుస కూడా చదవండి. కోడిమాంసం మాత్రం ఇలాంటి పిల్లల్లో ఎక్కువమందికి పడుతుంది.

దద్దుర్లు మాత్రమే వస్తే డాక్టరు రాసిచ్చిన సిరప్ చాలు. గొంతు బొంగురుపోయినా, ఆగకుండా దగ్గు వచ్చినా, ఊపిరి బరువైనా, వాంతులు ఆగకపోయినా, పిల్లాడు వేలాడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. ఊపిరాడకపోతే కూర్చోనివ్వండి. ఎత్తుకుని అటూ ఇటూ తిప్పవద్దు. ఆ సమయంలో ముందు పడాల్సింది తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్. సిరప్ ఆ పని చేయలేదు.

ఎదిగే కొద్దీ చాలామందికి ఈ అలర్జీ పోతుంది. ఏడాదికోసారి పరీక్ష చేయించండి. పోయిందో లేదో తేల్చడానికి ఆస్పత్రిలోనే తినిపించి చూస్తారు.

ఇక అంగన్‌వాడీ. మొదటి రోజు మీరే వెళ్లి టీచరుతో, ఆయాతో విడివిడిగా మాట్లాడండి. గుడ్ల పెంకు ఒలిచిన చేత్తోనే ఆయా మీవాడి కంచంలో అన్నం కలపవచ్చు. సబ్బుతో చేతులు కడుక్కోమని బతిమాలి అయినా చెప్పండి. కంచం, గ్లాసు ఇంటి నుంచి పంపండి. గుడ్డుకు బదులు ఉడికించిన శనగలు డబ్బాలో పెట్టండి. బాబు ఫోటో కింద ‘గుడ్డు పెట్టకూడదు’ అని పెద్ద అక్షరాలతో రాసి, మీ ఫోను నంబరు వేసి, వంటగది తలుపుకు అంటించమనండి. ఆయా సెలవు పెట్టిన రోజున వచ్చే మనిషి కూడా దాన్ని చూడాలి.