నాన్న మిలిటరీ జీవితం రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా నాన్న 1966లో మిలిటరీలో చేరారు. ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, గన్నర్‌గా మొదలై, 1983లో హవల్దార్‌గా పెన్షన్ మీద ఇంటికొచ్చారు. పోయిన ఏడాది కాలం చేశారు. సంవత్సరీకానికి ఆయన మీద చిన్న పుస్తకం వేసి చుట్టాలకు పంచుదామనుకుంటున్నాం. ఇబ్బందేంటంటే, 71 యుద్ధం గురించి ఆయన ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పలేదు. పెట్టెలో పూర్వీ స్టార్ అనే పతకం ఉంది. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోతుంటే నాన్న కళ్లారా చూశారని రాద్దామంటాడు తమ్ముడు. నాకేమో ఆయన మమ్మల్ని చదివించిన తీరు, అమ్మను చూసుకున్న తీరు రాయాలనుంది. ఏది రాయాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు తమ్ముడికి నచ్చజెప్పండి, ఢాకా మాట తీసేయమనండి. పూర్వీ స్టార్ 1971 యుద్ధంలో తూర్పు రంగంలో పనిచేసిన వాళ్లకిచ్చారు, పడమటి రంగంలో ఉన్నవాళ్లకిచ్చింది పశ్చిమీ స్టార్. అంటే మీ నాన్నగారు తూర్పున ఉన్నారు, అంతవరకు ధైర్యంగా రాయండి. కానీ ఆ పతకం ఒక్కటే పట్టుకుని లొంగుబాటు జరిగిన డిసెంబరు 16న ఆయన ఢాకాలో ఉన్నారని రాయలేం. తూర్పు సరిహద్దు పొడుగునా ఎన్నో చోట్ల యుద్ధం జరిగింది, ఇన్‌ఫాంట్రీ వాళ్లు, అంటే కాలిబంటు జవాన్లు, ముందుకు కదలాలంటే వెనకనుంచి గన్నర్లు కొడుతూనే ఉండాలి, ఢాకా చేరనంత మాత్రాన ఆ కష్టం తక్కువైపోదు. ఆయన బతికుండగా చెప్పుకోని మాటని పోయాక ఆయన పేరు మీద మనం చెప్పడం నాకు అస్సలు నచ్చదు. ఆయన మాట్లాడలేదు, ఆ సంగతే ఉన్నదున్నట్టు రాయండి. ‘యుద్ధం గురించి అడిగితే మాట మార్చేసేవారు’ అన్న ఒక్క వాక్యంలో ఆయనని ఎరిగిన వాళ్లందరికీ ఆయన కనిపిస్తారు.

ఇక మొదలుపెట్టడం సంగతి. మిలిటరీ నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ బుక్ పెట్టెలో ఉందేమో వెతకండి. అందులో ఆర్మీ నంబరు, చేరిన తేదీ, వచ్చేసిన తేదీ, ర్యాంకు, చేసిన ట్రేడు, వచ్చిన పతకాలు ఉంటాయి. భార్యాపిల్లల వివరాలు కూడా ఉంటాయి, చాలామంది ఆ పేజీ దాకా వెళ్లరు. పిల్లలు పుట్టినప్పుడు జవాన్లు యూనిట్‌లో చెప్పి, జవాన్ల సొంత వివరాలు నమోదు చేసే పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కించుకునేవాళ్లు. అంటే మీ నాన్నగారు ఎక్కడో గుడారంలో ఉండి కూడా మీ పేరు, మీ పుట్టిన తేదీ సర్కారు కాగితాల్లోకి ఎక్కించే ఉంటారు. మిలిటరీ మనిషి గురించి రాయాలా, ఇంటి మనిషి గురించి రాయాలా అని అడిగారు కదా, ఆ రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి చూడండి. ఆ పేజీ ఫొటో మీ పుస్తకంలో తప్పకుండా వేయండి.

డిశ్చార్జ్ బుక్ దొరక్కపోతే కంగారు పడొద్దు. ఆర్టిలరీ రికార్డ్స్ ఆఫీసు నాసిక్ రోడ్ క్యాంపులో ఉంది. పెన్షన్ కాగితం మీద ఆర్మీ నంబరు ఉంటుంది, అది వేసి అమ్మగారి పేరు మీదే అర్జీ పెట్టించండి, భర్త రికార్డు అడగడానికి ఆవిడ కన్నా దగ్గరివాళ్లు ఎవరూ ఉండరు. ఎలా రాయాలో మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు.

ఆ తర్వాత ఉత్తరాలు. పాత ఇన్‌లాండ్ కవర్లు తీగకి గుచ్చి ఉంటే, దయచేసి వాటిని ఎవరికీ పంచొద్దు. జవాను అడ్రసులో ఊరి పేరు ఉండదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అనో 99 ఏపీఓ అనో ఉంటుంది. మామూలుగా 99 అయితే తూర్పు వైపు, 56 అయితే ఉత్తరం, పడమర. ఉత్తరాలన్నీ తేదీల వరసలో పేర్చితే, ఆయన ఎప్పుడు ఎటువైపు ఉన్నారో కొంతవరకు తేలుతుంది. 1971 చివర్లో ఉత్తరాలు ఆగిపోయి ఉంటే ఆ ఖాళీని కూడా పుస్తకంలో చూపించండి, ఆ రోజుల్లో మీ అమ్మగారు పోస్ట్‌మ్యాన్ కోసం ఎలా ఎదురుచూశారో ఆవిడనే అడిగి, ఆవిడ మాటల్లోనే రాయండి.

నిజానికి ఈ పుస్తకంలో సగం మీ అమ్మగారిదే కావాలని నా అభిప్రాయం. ఏడాదికి రెండు నెలల సెలవు మీద వచ్చి వెళ్లే మనిషి పిల్లల చదువు ఎలా చూసుకున్నాడు? మనియార్డరు ద్వారా. జీతంలో కొంత నేరుగా ఇంటికి వచ్చేలా రాసిచ్చే ఏర్పాటు జవాన్లకు ఉండేది. తనే స్వయంగా మనియార్డరు కట్టినప్పుడు ఆ ఫారం అడుగున చిన్న కూపన్ ఉండేది, నాలుగు ముక్కలు రాయడానికి చోటు, డబ్బుతో పాటు ఆ ముక్క మనకే ఇచ్చేవాళ్లు. ‘పెద్దదాని ఫీజు ముందు కట్టు, నా సంగతి చూసుకుంటా’ లాంటి మాట ఒక్కటి ఆ కూపన్ల మీద దొరికిందంటే, ‘మంచి తండ్రి, ఆదర్శ భర్త’ అని పేజీలకు పేజీలు నింపాల్సిన పని లేదు. అలాగే ఆయన లేని పదిహేడేళ్లూ ఇల్లు, పొలం, అత్తమామలు, మీరు, అన్నీ ఒంటి చేత్తో నెట్టుకొచ్చింది ఆవిడే. ఆ మాట రాస్తే నాన్నగారికి తక్కువ చేసినట్టు కాదు. ఆయన ఉంటే ముందు ఆయనే చెప్పేవారనుకుంటాను.

ఇంకో సంగతి, పెద్దయ్యాక ఆయనకి చెవులు సరిగ్గా వినపడేవా? ఏళ్ల తరబడి ఫిరంగుల పక్కన నిలబడిన వాళ్లలో వినికిడి తగ్గడం మామూలు. టీవీ సౌండ్ పెంచేస్తున్నారని ఇంట్లో విసుక్కుని ఉంటే, ఏ వైపు కూర్చుని మాట్లాడితే ఆయనకి వినిపించేదో మనవలకి తెలిసి ఉంటే, అది కూడా రాయండి. అయితే డాక్టరు చెప్పకుండా ‘యుద్ధం వల్లే’ అని మాత్రం తేల్చేయకండి.

ప్రశ్న: మా తాతయ్య ఈఎంఈలో, అంటే మిలిటరీ బళ్లు, యంత్రాలు బాగుచేసే విభాగంలో, వెహికల్ మెకానిక్. యుద్ధంలో తుపాకి పేల్చలేదని ఆయనే అనేవారు. ఆయన ఫొటో కింద ‘వీర సైనికుడు’ అని వేస్తే ఎవరైనా తప్పుపడతారేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక మనవడు

జవాబు: ‘వీర’ తీసేసి, ‘సైనికుడు’ నిక్షేపంగా వేయండి బాబూ. ఆ కోర్ 1943 నుంచీ ఉంది, అందులో జవానుని చేరగానే పిలిచేదే క్రాఫ్ట్స్‌మన్ అని. అందరిలాగే ఆయనా ట్రైనింగ్ అయ్యాడు, కసమ్ పరేడ్‌లో ప్రమాణం చేశాడు, పంపిన చోటికల్లా వెళ్లాడు. బండి ఆగిపోతే తిండీ మందుగుండూ రెండూ ఆగిపోతాయి. ఫొటో కింద ఆర్మీ నంబరు, ర్యాంకు, ట్రేడు, పనిచేసిన సంవత్సరాలు వేయండి, ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆయనతో పనిచేసిన వాళ్లెవరైనా ఉంటే ఫోన్ చేసి, యుద్ధం గురించి కాకుండా శక్తిమాన్ ట్రక్కు ఇంజిన్ గురించి అడగండి. గంటసేపు చెబుతారు, పక్కన నోట్‌బుక్ పెట్టుకోండి.