గ్రాఫిక్ డిజైన్‌లో చేరేవాళ్లకు గూటెన్‌బర్గ్ దేనికి?

ప్రశ్న: తెనాలిలో మాకు చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంది. మా నాన్నగారి కాలంలో ట్రెడిల్ మెషీన్, సీసపు అక్షరాలు ఉండేవి. ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదువుతున్న మా అమ్మాయి గ్రాఫిక్ డిజైన్ చదువుతానంటోంది. సిలబస్ చూస్తే గూటెన్‌బర్గ్, బౌహౌస్ అంటూ చరిత్ర పేపరు కనిపించింది. ఫొటోషాప్, కోరల్‌డ్రా మూడు నెలల్లో నేర్పే సెంటర్లు ఇక్కడే ఉన్నాయి. పైగా ఏఐ వచ్చేసింది. ఇంకా నాలుగేళ్ల చదువూ, ఈ చరిత్రా అవసరమా? – ఒక తండ్రి

జవాబు: మూడు నెలల కోర్సుతో మంచి ఆపరేటర్ తయారవుతారు. మీ ప్రెస్సుకు అది చాలనుకుంటే నిక్షేపంగా చేర్పించండి. మీ అమ్మాయి అడుగుతున్నది డిజైనర్ పని. ఆ రెంటికీ తేడా మీ ప్రెస్సులోనే తేలిపోయింది. 1984లో మెకింటాష్, 1985లో లేజర్‌రైటర్ ప్రింటరు, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వచ్చాయి. ఆ గాలి డీటీపీ (కంప్యూటర్ మీదే పేజీలు కూర్చే పద్ధతి) పేరుతో మన ఊళ్లకు వీచాక స్టిక్కు అనే చేతిపట్టీలో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్ పని పోయింది. ఏ అక్షరం ఎంత సైజు, చుట్టూ ఎంత ఖాళీ, కన్ను ముందు ఎక్కడ పడాలి అని తేల్చే పని మాత్రం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఏఐ విషయంలోనూ నా అంచనా అదే. అది గీసిన పోస్టరులో తెలుగు అక్షరాలను ఒకసారి పట్టి చూడండి, వత్తు ఒకచోట, అక్షరం ఒకచోట ఉండటం తరచుగా కనిపిస్తుంది. ఆ తప్పు పట్టగల కన్ను కావాలి.

చరిత్ర పేపరును తేదీల పట్టికలా చదివితే దండగే. సాఫ్ట్‌వేర్ మెనూల్లోని మాటలకు పుట్టిల్లు అనుకుని చదివితే పనికొస్తుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరుసల మధ్య దూరానికి 'లీడింగ్' అని ఉంటుందే, అది మీ నాన్నగారి ప్రెస్సులో వరుసల మధ్య పెట్టిన సీసపు బద్దే. ఆ గడిలో కొట్టకుండా వదిలేస్తే సాఫ్ట్‌వేర్ తనంతట తాను అక్షరం సైజులో 120 శాతం వేసుకుంటుంది. అంటే 12 పాయింట్ల అక్షరానికి 14.4. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. తెలుగులో 'రాష్ట్రం' కింద వరుసలో 'శ్రీశైలం' పడిందనుకోండి, పై మాటలోని వత్తులు కిందకు దిగి 'శ్రీ' మీది గుడిదీర్ఘాన్ని గుద్దుకుంటాయి. ఫాంటును బట్టి 18 నుంచి 20 పాయింట్ల లీడింగ్ ఇవ్వాల్సి వస్తుంది. వెబ్ పేజీలో అయితే లైన్ హైట్ 1.6 దగ్గర మొదలుపెట్టి చూడమంటాను.

1450లలో జర్మనీలోని మైన్జ్‌లో 42 వరుసల బైబిలు అచ్చువేసిన గూటెన్‌బర్గ్‌కూ ఇలాంటి చిక్కే ఎదురైంది. లేఖకుల చేతిరాతను పోలి ఉండాలని, వరుసలు కుడివైపు సమంగా ముగియాలని ఆయన జంట అక్షరాలు, సంక్షిప్తాలు కలిపి సుమారు 290 రకాల అచ్చులు పోతపోయించాడు. సీసపు అక్షరాలు ఉంచే తెలుగు కేసులో (గళ్ల పెట్టెలో) అన్ని గళ్లేమిటని విసుక్కునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అక్కడి నుంచి రెండు మలుపులు గట్టిగా చదివితే చాలు. మొదటిది 18వ శతాబ్దం చివర సెనెఫెల్డర్ కనిపెట్టిన రాతి అచ్చు, అంటే నున్నటి రాతి మీద గీసి అచ్చు తీసే పద్ధతి. సీసపు అచ్చుల చట్రం నుంచి అక్షరం బయటపడి బొమ్మతో కలిసి వంపులు తిరిగింది అక్కడే. రంగుకొక రాయి చొప్పున వేసేవారు. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్సు దేవుడి పటాలను ఇంటింటికీ చేర్చింది ఈ పద్ధతిలోనే. రెండోది 1919 నుంచి 1933 దాకా నడిచిన జర్మన్ డిజైన్ బడి బౌహౌస్, దాని తర్వాత 1950లలో స్విట్జర్లాండు డిజైనర్లు స్థిరపరచిన గ్రిడ్, అంటే పేజీని గళ్లుగా విభజించి అక్షరాలు, బొమ్మలు అమర్చే పద్ధతి. ఇవాళ మొబైల్ యాప్ తెర వెనక ఉన్న నిలువు గళ్లు ఆ గ్రిడ్ వారసులే. మిగతా ఉద్యమాలను పరీక్షకు సరిపడా చదివితే చాలని నా అభిప్రాయం.

తెలుగు అక్షరాల డిజిటల్ కథ మాత్రం సిలబస్‌లో లేకపోయినా నేర్చుకోవాలి. మీ కంప్యూటర్లో పాత ఫైళ్లు అను ఫాంట్లలో ఉండే ఉంటాయి. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గందరగోళం కనిపిస్తుంది. అందులో తెలుగు అక్షరాల సంకేతాలు అసలు లేవు, ఇంగ్లీషు సంకేతాల మీద తెలుగు ఆకారాలు తొడిగారంతే. అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి సంకేతాల పద్ధతి అయిన యూనికోడ్‌లో ప్రతి మూల తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉంటుంది, 'క్ష' లాంటివి వాటిని కలిపితే వస్తాయి. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన మల్లన్న, రామభద్ర, సురవరం వంటి ఉచిత ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. అయితే ఇన్‌డిజైన్‌లో పేరాకు 'వరల్డ్ రెడీ' కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే 'క్ష' కాస్తా క, పొల్లు, ష ముక్కలుగా విడిపోవచ్చు. ఫాంటు పాడైందనుకుని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లే ఎక్కువ.

ఇంకొక్క ఉదాహరణ, ఇది మీకు బాగా తెలిసిన బాధే. తెర మీద నలుపుతో చేసిన ఆర్‌జీబీ (తెర రంగుల) ఫైలును సీఎంవైకే (అచ్చు సిరాల రంగులు) లోకి మారిస్తే ఆ నలుపు, ఫొటోషాప్‌లో సాధారణంగా ఉండే అమెరికన్ స్వాప్ అనే రంగుల మార్పిడి ప్రొఫైల్ ప్రకారం, సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 అవుతుంది. కలిపితే 300 శాతం సిరా. చిన్న అక్షరాలకు నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అంచున రంగు నీడ పడుతుంది, సిరా ఆరక వెనక కాగితానికి అంటుకుంటుంది. అందుకే అక్షరాలకు ఒక్క నలుపు ప్లేటు 100 శాతం, మిగతావి సున్నా. రాతి అచ్చు కాలంలో రాళ్లు సరిగ్గా కూర్చోక వచ్చిన తంటాయే ఇది.

పోర్ట్‌ఫోలియోకు (చేసిన పనుల సంపుటికి) ఇప్పుడే ఒక పని మొదలుపెట్టించండి. ఒకే శుభలేఖ మాటలు తీసుకుని నాలుగు రకాలుగా చేయమనండి. మొదటిది లెటర్‌ప్రెస్ షరతులతో, అంటే ఒకే రంగు, ఒకే ఫాంటు, రెండే సైజులు. రెండోది రాతి అచ్చులా మూడు చదును రంగులు, చేత్తో రాసిన అక్షరాలు. మూడోది ఎ5 ఆఫ్‌సెట్: 148 బై 210 మిల్లీమీటర్లు, నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) కలిపి 154 బై 216, ఫొటోలు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు). నాలుగోది 1080 బై 1350 పిక్సెళ్ల ఫోన్ పోస్టు. ఒక్కోదానికి రెండు వారాలు. కొట్టేసిన చిత్తు ప్రతులు పారేయొద్దు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు నున్నటి చివరి బొమ్మ కంటే వాటినే ఎక్కువసేపు చూస్తారు. మూడోది మీ మెషీన్ మీదే 50 కాపీలు వేయించండి. ప్లేటు ముఖం చూడకుండానే కోర్సు ముగించేవాళ్లు బోలెడుమంది, ఈ విషయంలో మీ అమ్మాయి ముందుంది.

చేరే దారులు: ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్ సీట్లకు యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాయాలి. పరీక్ష జనవరిలో ఉంటుంది, ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు, అయితే రెండుసార్లే, అవీ వరుస సంవత్సరాల్లోనే. అందులో కంప్యూటర్ భాగంతో పాటు చేత్తో గీసే భాగమూ ఉంటుంది, దాన్ని చివరి నెలకు వదిలేస్తే దెబ్బతింటారు. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్‌లో కమ్యూనికేషన్ డిజైన్‌కు డ్యాట్ అనే వేరే పరీక్ష. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ నాలుగేళ్లు, దానికి మళ్లీ సొంత ప్రవేశ పరీక్ష. అర్హతలు, వయసు పరిమితులు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చూసే ఫీజు కట్టండి. ఖరీదైన ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనకండి. ప్రవేశ పరీక్షలకు పెన్సిల్, ఎ3 కాగితాలు చాలు, కంప్యూటర్ మీద సాధనకు ఉచితంగా దొరికే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ ఉంది. అటక మీద మీ నాన్నగారి సీసపు అక్షరాలు ఇంకా ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి అమ్మకుండా ఉంచండి. వాటితో ఒక పేజీ చేత్తో కంపోజ్ చేసి ప్రూఫ్ తీస్తే లెటర్‌ప్రెస్ శుభలేఖకు వేరే నమూనా వెతుక్కోనక్కర్లేదు.